అక్టోబర్‌లో కామినో నడకకి బ్యాగు సర్దడం ఎలా

కామినో అంటే స్పెయిన్‌లోని సాంటియాగో నగరానికి యాత్రికులు నడిచి వెళ్ళే దారి. దానికి శరత్కాలంలో వెళ్తున్నామనగానే అందరూ అడిగేది ఒకటే, స్వెట్టర్లు ఎన్ని పెట్టుకోవాలి అని. మొదటిసారి నేనూ అదే టెన్షన్‌తో సర్దాను, తూకం వేస్తే 11 కిలోలు తేలింది, పర్లేదులే మోసేస్తాం అనుకున్నాను. ఫ్రాన్స్ వైపు సెన్-జాన్-ప్యే-ద-పోర్‌లో బయల్దేరి స్పెయిన్‌లోని రోన్సెస్వాయెస్ చేరే మొదటి రోజు నడక దాదాపు 25 కిలోమీటర్లు, అందులో పిరెనీస్ కొండల మీదికి 1,200 మీటర్లకు పైగా ఎక్కుడు. ఆ సాయంత్రం అల్బెర్గేలో, అంటే యాత్రికులు పడుకునే సత్రంలో, ఒక మూల బల్ల మీద జనం వద్దనుకుని వదిలేసిన సామాను గుట్టగా పడి ఉంది. నా జీన్స్ ప్యాంటు, రెండో స్వెట్టర్, పెద్ద షాంపూ బాటిల్ అక్కడే పెట్టి వచ్చాను. ఆ జీన్స్ కొత్తది.

నెల రోజులు నడిచాక తెలిసింది, ఈ కాలంలో బ్యాగు బరువెక్కేది చలి వల్ల కాదు, ఉతికిన బట్టలు ఆరవు అన్న భయం వల్ల. వేసవిలో మధ్యాహ్నం ఉతికి తీగ మీద వేస్తే సాయంత్రానికి ఆరిపోతాయి. అక్టోబర్ మధ్యకి వచ్చేసరికి ఎండ పొట్టిదైపోతుంది, మంచు పడుతుంది, దారి చివర్లో వచ్చే గలీసియా ప్రాంతంలో అడుగు పెట్టాక వాన మొదలైతే వరసగా మూడు రోజులు వదలదు. అందుకని ఇంకో జత, ఇంకో మూడు జతల సాక్సులు అనుకుంటూ పోతే సంచి నిండిపోతుంది. కాబట్టి ఏ బట్టైనా కొనేముందు ఇంట్లో ఒక పరీక్ష పెట్టండి. రాత్రి ఉతికి, పిండి, ఫ్యాను వేయకుండా గదిలో ఆరేయండి. తెల్లారేసరికి ఆరకపోతే అది ఇంట్లోనే ఉంటుంది. కాటన్ దుస్తులన్నీ ఇక్కడే ఫెయిలవుతాయి. పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది కానీ రెండో రోజుకి కంపు కొడుతుంది, సన్నటి మెరినో ఉన్ని కాస్త ఆలస్యంగా ఆరినా నాలుగు రోజులు తొడిగినా వాసన రాదు. పైన మెరినో, కింద ప్యాంటు సింథటిక్, ఇది నాకు కుదిరిన లెక్క.

మొత్తం బరువు ఎంత ఉండాలంటే, నీళ్ళూ తిండీ కాకుండా ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని నడిచేవాళ్ళలో ఒక వాడుక ఉంది. 65 కిలోల మనిషికి 6.5 కిలోలు. నేను రెండోసారి 5.8 దగ్గర ఆపాను, అది కూడా ఇంకో అరకిలో తగ్గేదే. సెన్-జాన్ నుంచి సాంటియాగో దాకా ఉన్న ఈ దారిని ఫ్రెంచ్ దారి అంటారు, మొత్తం దాదాపు 780 కిలోమీటర్లు, చాలామందికి 32 నుంచి 35 రోజులు పడుతుంది. ఇన్ని రోజులకి సరిపడా సర్దాలి అనుకోవడమే పొరపాటు. నాలుగు రోజులకి సర్దితే చాలు, ఆ నాలుగు రోజులే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

బట్టల లెక్క

ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత. సాక్సులు మాత్రం మూడు. దీనికి పైన సన్నటి ఫ్లీస్ ఒకటి, ముడిస్తే గుప్పెట్లో పట్టే పఫ్ జాకెట్ ఒకటి, పల్చటి టోపీ, మెడకి చుట్టుకునే బఫ్, సన్నటి గ్లోవ్స్. ఇంతే. నైట్ డ్రెస్ అని విడిగా ఏమీ ఉండదు. అల్బెర్గేకి చేరగానే స్నానం చేసి రెండో జత వేసుకోవాలి, దానితోనే తిరగాలి, దానితోనే పడుకోవాలి, పొద్దున లేచి దానితోనే నడవాలి. ఈలోగా మొదటి జత ఉతికి ఆరేసుకోవాలి.

ఈ పద్ధతి పొడి రోజుల్లోనే. వానలు మొదలయ్యాక ఇది తిరగబడుతుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వానలో నడిచిన జత రాత్రికి ఆరదు, పొద్దున చిరాకేసి పొడి జత వేసుకుని బయల్దేరతారు, పది గంటలకల్లా అదీ తడుస్తుంది, ఇక సాయంత్రానికి మార్చుకోవడానికి ఏమీ మిగలదు. వాన రోజుల్లో ఒక జతని పొడి జత అని మడికట్టుకున్నట్టు దాచుకోవాలి, దాన్ని గది దాటి బయటికి తీసుకురాకూడదు. పొద్దున్నే చెమ్మగా ఉన్న బట్టలే మళ్ళీ తొడుక్కోవాలి. మొదటి ఐదు నిమిషాలు ఒళ్ళు జలదరిస్తుంది, అర కిలోమీటరు నడిచేసరికి ఒంటి వేడికి మర్చిపోతారు.

ఆరబెట్టుకునే ఉపాయాలు రెండు మూడు ఉన్నాయి. ఉతికిన బట్టని చేత్తో పిండాక టవల్ మీద పరిచి, చాపలా చుట్టి, మోకాళ్ళతో గట్టిగా అదమండి, మిగిలిన నీళ్ళలో సగం టవల్ తాగేస్తుంది. మైక్రోఫైబర్ టవల్ అయితే దాన్ని మళ్ళీ పిండుకోవచ్చు. చెమ్మ మిగిలిన సాక్సులు స్లీపింగ్ బ్యాగులో పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి ఆరతాయి. చెప్పడానికి బాగోదు గానీ పనిచేస్తుంది. పొద్దున కూడా ఆరకపోతే నాలుగు పెద్ద పిన్నీసులతో బ్యాగు వెనక తగిలించి నడవండి, దారిపొడుగునా అందరి బ్యాగుల మీదా సాక్సులే వేలాడుతుంటాయి కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. చాలా అల్బెర్గేల్లో నాణేలు వేసే డ్రయ్యర్ ఉంటుంది, స్పానిష్‌లో సెకదోరా అంటారు. ఒక్కరి బట్టలకి అది దండగ, పక్క మంచాల వాళ్ళని ఇద్దరిని కలుపుకోండి. అలా బట్టలు కలిపి ఆరేసుకున్నవాళ్ళే నాకు ఆ నెలంతా తోడయ్యారు.

వాన సంగతి

పొన్చోనా, రెయిన్ జాకెట్టా అన్నది తెగని తగవు. నా ఓటు పొన్చోకే. మనిషినీ బ్యాగునీ కలిపి కప్పుతుంది, 300 గ్రాములు, లోపల గాలాడుతుంది కాబట్టి చెమటతో తడిసిపోం. గాలి వీచే చోట గుడారంలా ఎగురుతుంది, నిజమే, పిరెనీస్ మీద నన్ను వెనక్కి లాగింది కూడా. నడుం దగ్గర ఒక తాడు కట్టుకుంటే ఆ బాధ చాలావరకు పోతుంది. జాకెట్ ఇష్టపడేవాళ్ళు బ్యాగుకి కవర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. కవర్ బయటివైపే కాపాడుతుంది, వీపుకీ బ్యాగుకీ మధ్య నుంచి నీళ్ళు కారి లోపలికి చేరతాయి. మందపాటి పెద్ద చెత్త సంచి ఒకటి బ్యాగు లోపల పరిచి అన్నీ అందులో పెట్టి మూతి మెలితిప్పండి. ఇంతకంటే చవకైన వాటర్‌ప్రూఫ్ లేదు. స్లీపింగ్ బ్యాగు తడిసిందంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే.

రెయిన్ ప్యాంటు నేను తీసుకెళ్ళలేదు. పల్చటి ప్యాంటు తడుస్తుంది, ఆరుతుంది. చలికి కాళ్ళు పట్టేసేవాళ్ళయితే తీసుకోండి, 150, 200 గ్రాముల రకం చాలు.

బూట్లు

ఇక్కడ బరువు రెండింతలు లెక్క, ఎందుకంటే ప్రతి అడుగుకీ ఎత్తాలి. చీలమండ దాటే తోలు బూట్లు ఈ దారికి అక్కర్లేదు. ట్రైల్ రన్నింగ్ షూస్, మామూలుగా వేసుకునేదానికంటే అర సైజో ఒక సైజో పెద్దవి చాలు, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. వాటర్‌ప్రూఫ్ లైనింగ్ ఉన్న షూస్ తీసుకోవాలా వద్దా అంటే నేను వద్దనే అంటాను. చిన్న తుంపరకి బాగుంటాయి, రోజంతా వాన పడితే పైనుంచి నీళ్ళు దిగి లోపల నిలిచిపోతాయి, తర్వాత రెండు రోజులైనా ఆరవు. మెష్ షూస్ తడుస్తాయి, నడుస్తుంటేనే ఆరతాయి. అల్బెర్గేలో షూస్ గుమ్మం దగ్గర ర్యాకులోనే వదలాలి, అక్కడ పాత న్యూస్‌పేపర్లు ఉంటే ఉండలు చుట్టి లోపల కుక్కండి, గంట తర్వాత తీసి కొత్తవి కుక్కండి. స్నానానికీ సాయంత్రం ఊళ్ళోకీ తేలికపాటి చెప్పులు ఒక జత. సాక్సుతో కలిపి వేసుకోగలిగే రకం చూసుకోండి, సాయంత్రాలు చలి.

నడక కర్రలు విమానం క్యాబిన్‌లోకి సాధారణంగా రానివ్వరు. సెన్-జాన్‌లోనే కొనుక్కోవచ్చు. చిన్న చాకుదీ అదే గొడవ, అక్కడే కొనండి.

పడక

స్లీపింగ్ బ్యాగు విషయంలో వేసవి యాత్రికుల సలహా వినొద్దు. పల్చటి సిల్క్ లైనర్ ఒక్కటి చాలు అంటారు, వాళ్ళకి చాలు. చాలా అల్బెర్గేల్లో దుప్పట్లు ఉంటాయి కానీ అన్నిచోట్లా ఉండవు, ఉన్నా నల్లుల భయంతో కొందరు కప్పుకోరు. 8 నుంచి 10 డిగ్రీల కంఫర్ట్ రేటింగ్, అంటే అంత చలిలోనూ హాయిగా నిద్రపట్టే రకం అని రాసి ఉన్న 700 గ్రాముల బ్యాగు సరిపోతుంది. కంఫర్ట్ అని రాసిన అంకె చూడండి, లిమిట్ అని రాసింది కాదు. నల్లుల్ని స్పెయిన్‌లో చించెస్ అంటారు, ఈ మాట ఒక్కటి నేర్చుకోండి. మంచం ఎక్కేముందు పరుపు కుట్లు ఫోన్ లైట్‌తో చూసుకోండి, బ్యాగు మంచం మీద పెట్టొద్దు.

తెల్లారకముందే బయల్దేరే అలవాటున్నవాళ్ళకి ఒక సంగతి. స్పెయిన్ గడియారం సూర్యుడికంటే చాలా ముందు ఉంటుంది. అక్టోబర్ మూడో వారంలో గలీసియాలో సూర్యోదయం ఎనిమిదిన్నర దాటాకే, నెల చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక కొంచెం నయం. అందుకని తలకి పెట్టుకునే టార్చి తప్పనిసరి, ఎర్ర లైటు ఉన్నదైతే మేలు, తెల్ల లైటు పక్కమంచం వాళ్ళ కళ్ళలో కొడితే స్పానిష్‌లో తిట్లు కూడా నేర్చుకుంటారు. రాత్రే అన్నీ సర్దుకుని పడుకోండి. ప్లాస్టిక్ కవర్ల గరగర అక్కడ అందరికీ శత్రువు, గుడ్డ సంచుల్లో పెట్టుకోండి.

మందులు, ఫోను, తిండి

మందులు తక్కువ తెచ్చుకోండి. దారిలో కాస్త పెద్ద ఊరు ఏదైనా ఆకుపచ్చ ప్లస్ గుర్తుతో ఫార్మసియా ఉంటుంది. మీకు డాక్టరు రాసిన మందులు మాత్రం చీటీతో సహా మొత్తం రోజులకి తెచ్చుకోవాలి. మిగతాది పది మాత్రలు, బొబ్బలకి ప్లాస్టర్, చిన్న వాజెలిన్ డబ్బా. పొద్దున షూస్ వేసుకునేముందు కాలివేళ్ళకి వాజెలిన్ పూసుకుంటే సగం బొబ్బలు రావు. సబ్బు ఒక్కటే బిళ్ళ, ఒంటికీ తలకీ బట్టలకీ అదే. మొదటి రోజు ఒప్పుకోబుద్ధి కాదు, వారం తర్వాత అలవాటైపోతుంది.

ఫోను, ఒక చార్జరు, చిన్న పవర్ బ్యాంకు. స్పెయిన్ సాకెట్లలో సన్నటి రెండు గుండ్రటి పుల్లల ప్లగ్గు దూరుతుంది, మన మూడు పుల్లల ప్లగ్గు దూరదు. కెమెరా, టాబ్లెట్, చదువుదామని పుస్తకం, ఏవీ వద్దు. రాత్రి తొమ్మిదింటికి కళ్ళు వాటంతటవే మూతపడతాయి.

నీళ్ళ సీసాలు అరలీటరువి రెండు చాలు, మామూలు ప్లాస్టిక్‌వే, స్టీల్ బాటిల్ ఖాళీదే పావుకిలో ఉంటుంది. ఊళ్ళలో తాగునీటి కుళాయిలు ఉంటాయి. పిరెనీస్ దాటే రోజూ, మెసెటా పీఠభూమిలో కారియోన్ అనే ఊరు దాటాక ఊరన్నదే రాని 17 కిలోమీటర్ల రోజూ మాత్రం ఒక సీసా అదనంగా పెట్టుకోండి. తిండి ఒక పూటకి మించి మోయొద్దు, కానీ ఆదివారాలు, అక్టోబర్ 12, నవంబర్ 1 సెలవులు చూసుకోండి, చిన్న ఊళ్ళలో కొట్లు మూసేస్తారు, ముందురోజే బ్రెడ్డూ పళ్ళూ కొనుక్కోవాలి. అక్టోబర్ చివరికి ప్రైవేటు అల్బెర్గేలు కూడా చాలా మూతపడతాయి కాబట్టి రేపటి ఊళ్ళో ఏది తెరిచి ఉందో ఫోన్ చేసి కనుక్కోవడం అలవాటు చేసుకోండి. ఆవకాయ సీసా సంగతి అడగొద్దు, నేను మోశాను, మూత లీకైంది. కందిపొడి అయితే 100 గ్రాముల పొట్లం, ఎవరూ ఏమీ అనరు.

ఇవన్నీ సర్దాక కూడా బరువు తేలకపోతే దారులున్నాయి. అల్బెర్గే నుంచి అల్బెర్గేకి బ్యాగులు చేరవేసే సర్వీసులు ఉన్నాయి, కొన్ని పబ్లిక్ అల్బెర్గేల్లో అలా ముందుగా పంపిన బ్యాగులు తీసుకోరు, అది కనుక్కుని పంపండి. నడక తర్వాత ఊళ్ళు తిరగడానికి కొన్న బట్టలుంటే, స్పెయిన్ తపాలా సంస్థ కొర్రెయోస్ ద్వారా సాంటియాగోకి పార్సిల్ చేసేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, గలీసియా చలికి కావలసినవి మొదటి రోజు నుంచే మోయక్కర్లేదు. పాంప్లోనా, బర్గోస్, లియోన్ పెద్ద పట్టణాలు, అన్నీ దొరుకుతాయి. నా గ్లోవ్స్ లియోన్‌లో కొన్నవే, అప్పటిదాకా చేతులకి సాక్సులు తొడుక్కున్నాను.

పాస్‌పోర్టు, డబ్బులు, స్టాంపులు వేయించుకునే క్రెడెన్షియల్ పుస్తకం ఒక జిప్ కవర్లో పెట్టి ఒంటికే ఉంచుకోండి, స్నానానికి వెళ్ళినా సరే. సాంటియాగోలో కంపోస్టెలా పత్రం, అంటే యాత్ర పూర్తిచేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్, కావాలంటే కనీసం 100 కిలోమీటర్లు నడిచినట్టు ఆ స్టాంపులే సాక్ష్యం, అవి వానకి తడిసి అలుక్కుపోతే ఏడుపే.

ఇక చివరిది, రాయి. లియోన్ దాటాక దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో క్రూజ్ దే ఫెర్రో అని పొడవాటి స్తంభం మీద ఇనప శిలువ ఉంటుంది, దాని మొదట్లో యాత్రికులు ఇంటి దగ్గర నుంచి తెచ్చిన రాయి వదిలి వెళ్తారు. మీరూ తీసుకెళ్ళండి, చింతగింజంతది చాలు. నాతో నడిచిన ఒకాయన అరకిలో గుండ్రాయి తెచ్చాడు, వాళ్ళ ఊరి ఏట్లోదట. మూడో రోజు పాంప్లోనాలో ఒక బెంచి కింద దాన్ని దింపి, శిలువ దగ్గరికి చేరే ముందు రోడ్డు పక్కన ఒక గులకరాయి ఏరుకున్నాడు.