సమాంతర జాబులు, 5వ పాఠం: తల్లి బతికింది, పిల్లలు పోయాయి

పోయిన పాఠం చూసి ఎస్‌ఏపీలో (కంపెనీల వ్యాపార సాఫ్ట్‌వేర్) పెద్ద జాబును, అంటే తెర వెనుక నడిచే ప్రోగ్రామ్‌ను, ఒకేసారి నడిచే ఇరవై ముక్కలు చేసినవాళ్లందరిదీ ఒకటే గోల: జాబుల జాబితా చూపే ఎస్‌ఎం37లో జాబు ‘ఫినిష్డ్’, ఇన్‌వాయిస్‌లు మాత్రం సగమే పోస్టయ్యాయి. తప్పు కొంత నాదే, ఈ సంగతి అప్పుడే చెప్పాల్సింది.

ప్రోగ్రామ్ కూలినప్పుడు పడే రిపోర్టులు, అంటే డంపులు, చూపే ఎస్‌టీ22 తెరవండి. సమయం మించినందుకు పడే టైమ్_అవుట్ డంపులు వరసగా ఉంటాయి. ‘బ్యాక్‌గ్రౌండ్ జాబుకు టైమ్ లిమిట్ ఉండదుగా?’ అంటారు. నిజమే, ఉండదు. కానీ మీ ముక్కలు బ్యాక్‌గ్రౌండ్‌లో నడవడం లేదు! ముక్కను విడిగా మొదలుపెట్టే ఆదేశం స్టార్టింగ్ న్యూ టాస్క్‌తో పిలిచిన ఫంక్షన్, తెర ముందున్న యూజర్ల పనులు చేసే డైలాగ్ వర్క్ ప్రాసెస్‌లో నడుస్తుంది. వర్క్ ప్రాసెస్‌లు చూపే ఎస్‌ఎం50లో చూడండి: తల్లి (అసలు జాబు) బీటీసీ, అంటే బ్యాక్‌గ్రౌండ్; పిల్లలు (ముక్కలు) డీఐఏ, అంటే డైలాగ్. డైలాగ్‌కు ఆర్‌డిస్ప్/మ్యాక్స్_డబ్ల్యూపీరన్_టైమ్ అనే హద్దు ఉంది. మామూలుగా 600 సెకన్లు.

ఇక నాకు ఒళ్లు మండే పని. చాలామంది వెంటనే సిస్టమ్ సెట్టింగులు మార్చే ఆర్‌జెడ్11కి వెళ్లి ఆ 600ను 3600 చేసేశారు. ఆ హద్దు మీ ఒక్క జాబుది కాదు, ఆ సర్వర్‌లో డైలాగ్ వాడే అందరిదీ. ఎవరో తేదీ ఫిల్టర్ పెట్టకుండా రిపోర్ట్ నడిపితే, అది గంటసేపు ఒక ప్రాసెస్‌ను పట్టుకుని కూర్చుంటుంది. పైగా ఆర్‌జెడ్11లో మార్చింది రీస్టార్ట్‌తో పోతుంది. నెల తర్వాత అదే డంపు మళ్లీ వస్తుంది, కారణం ఎవరికీ గుర్తుండదు.

హద్దు కాదు, ముక్క సైజు మార్చండి. ఇన్‌వాయిస్‌కు 0.2 సెకన్లు పడితే 5000 ఇన్‌వాయిస్‌ల ముక్కకు 1000 సెకన్లు, చావు ఖాయం. 1000 ముక్కకు 200. డేటాబేస్ రెండింతలు నెమ్మదించినా 400. హద్దులో మూడో వంతు దాటనివ్వకపోవడం నా అలవాటు.

మరి జాబు ‘ఫినిష్డ్’ అని ఎందుకు అబద్ధం చెప్పింది? ముక్క ఫలితం అందుకునే రిసీవ్ రిజల్ట్స్ దగ్గర, అది కూలిందని చెప్పే సిస్టమ్_ఫెయిల్యూర్ పట్టుకుని, పిల్ల చచ్చిందని తల్లికి మీరు చెప్పలేదు కాబట్టి. పిల్లల కోసం తల్లి ఆగే వెయిట్ అన్‌టిల్‌కు అప్ టు (గడువు) పెట్టినవాళ్లు, ఆ ఆదేశం ఎలా ముగిసిందో చెప్పే అంకె ఎస్‌వై-సబ్‌ఆర్‌సీ కూడా చూడాలి: 8 వస్తే గడువు అయిపోయినట్టు, పిల్లలు ఇంకా నడుస్తూ ఉండొచ్చు.



అభ్యాసం: శాండ్‌బాక్స్‌లో (ప్రయోగాలకు ఉంచిన సిస్టమ్) పది ముక్కలు నడపండి. ఏడో ముక్కను కావాలనే 600 సెకన్లు దాటించండి. మిగతా తొమ్మిదీ పూర్తవ్వాలి, జాబు లాగ్‌లో 7 అని పడాలి, జాబు ‘క్యాన్సిల్డ్’ కావాలి. ఆ తర్వాత ఏడోది మాత్రమే మళ్లీ నడపాలి, ఒక్క ఇన్‌వాయిస్ కూడా రెండుసార్లు పోస్ట్ కాకుండా.