చేతివేళ్ళతో చదివే అస్థిపంజరం: పక్కటెముకలు, వెన్నెముక, పుర్రె

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇల్లు వెతకడానికి చిరునామాలో రెండు అంకెలు ఉంటే చాలు. 4/14 అని రాసి ఉంటే 4వ లైనులో 14వ అడ్డరోడ్డు దగ్గరకు వెళ్ళి నిలబడతాము. అయితే మొదటి లైను ఏదో పొరబడినవాడు ఆ తరువాత ఎంత శ్రద్ధగా లెక్కపెట్టుకుంటూ పోయినా పక్క లైనులోనే తేలతాడు. మనిషి ఛాతీ మీద, వీపు మీద ఎముకలను గుర్తుపట్టడం కూడా ఇటువంటి పనే. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థులు ఎముకల పేర్లన్నీ గడగడా అప్పజెప్పి, అవి తమ ఒంట్లో ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపమంటే తడబడడం నేను ఏటా చూస్తున్నాను. అందుకే బోన్ సెట్ (చదువుకోవడానికి వాడే విడి ఎముకల పెట్టె) ముట్టుకోకముందే సొంత ఒంటి మీద ఈ అభ్యాసం చేయమని వారికి చెబుతుంటాను.

ఇందుకు ఒక నిలువుటద్దం, ఒక స్కెచ్ పెన్, దర్జీలు వాడే కొలత టేపు, వీపు చూడడానికి సహకరించే ఒక స్నేహితుడు లేదా స్నేహితురాలు ఉంటే సరిపోతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే గుంటూరు ఎండలో పదిగంటలు దాటాక చెమటకు గీసిన గుర్తు ఒక్కటీ నిలవదు. అంకెల విషయం త్వరగా ముగిద్దాము. పెద్దవారి శరీరంలోని 206 ఎముకలలో 80 ఎముకలు అక్షాస్థిపంజరానికి, అంటే తల, మెడ, మొండెం నడిమి చట్రానికి చెందుతాయి. వాటిలో పుర్రెకు 22, రెండు చెవుల లోపల కలిపి 6, గొంతులో హయాయిడ్ ఒకటి, వెన్నెముకకు 26, పక్కటెముకలు 24, రొమ్ము ఎముక ఒకటి. కాలర్ బోన్ ఛాతీని ఆనుకునే ఉన్నప్పటికీ అది చేతికి సంబంధించినది కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

పుస్తకాలు పుర్రెతో మొదలుపెడతాయి గాని, ఛాతీతో మొదలుపెట్టడమే తేలిక అని నా అభిప్రాయం. గొంతు కింద, రెండు కాలర్ బోన్ల నడుమ ఉన్న గుంటలో చూపుడువేలు ఉంచండి. అక్కడి నుంచి రొమ్ము ఎముక మీదుగా వేలిని నెమ్మదిగా కిందికి జార్చితే, సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా ఒక చిన్న గట్టు తగులుతుంది. రొమ్ము ఎముక పైభాగమైన మాన్యూబ్రియం, మధ్యభాగంతో కలిసే చోటు అది. దానిని లూయీ కోణం అంటారు. ఆ గట్టు మీది నుంచి వేలిని పక్కకు జరిపితే తగిలే ఎముక ఎప్పుడూ 2వ పక్కటెముకే. లెక్క ఇక్కడి నుంచే మొదలుకావాలి. దాని కింద వేలు దిగబడే మెత్తటి చోటు 2వ సందు, ఆ తరువాతి ఎముక 3వది, దాని కింద 3వ సందు. రొమ్ము ఎముక అంచు వెంబడి నేరుగా దిగితే కింది మృదులాస్థులు ఒకదానినొకటి ఆనుకొని ఉండి వేలికి విడివిడిగా దొరకవు, కనుక కిందికి పోయేకొద్దీ వేలిని కొంచెం ఏటవాలుగా బయటివైపునకు నడిపించండి.

1వ పక్కటెముక నుంచి ఎందుకు లెక్కించకూడదో నాకు పరీక్ష హాలులోనే తెలిసింది. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, 5వ సందు చూపమంటే, కాలర్ బోన్ కింద మొదట తగిలినదే 1వ పక్కటెముక అనుకొని ఎంతో నమ్మకంగా లెక్కపెట్టి 6వ సందులో వేలు ఉంచాను. పరీక్షకుడు ఏమీ అనకుండా నా చేతిని తీసి లూయీ కోణం మీద పెట్టారు. 1వ పక్కటెముక చాలావరకు కాలర్ బోన్ వెనుకనే దాగి ఉంటుంది. దానిని ముందువైపు నుంచి తడిమి పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

సందు అంకె తెలిశాక రెండవ అంకె కావాలి. కాలర్ బోన్ రెండు కొసలనూ టేపుతో కొలిచి, సరిగ్గా మధ్య బిందువు నుంచి కిందికి ఒక నిలువు గీత గీయండి. ఎడమవైపు 5వ సందు ఈ గీతను చేరే చోటికి కాస్త లోపలగా అరచేయి ఆనిస్తే చాలామందిలో గుండె కొసకొట్టుడు తెలుస్తుంది. ఈసీజీ (గుండె విద్యుత్తును గీతలుగా తీసే పరీక్ష) తీసేటప్పుడు వీ4 అనే బిళ్ళను అంటించేది ఈ 5వ సందు, గీత కలిసే కూడలిలోనే. వీ1 బిళ్ళకు రొమ్ము ఎముక కుడి అంచున 4వ సందు, వీ2 బిళ్ళకు అదే సందులో ఎడమ అంచు. లైనూ అడ్డరోడ్డూ తెలిస్తే ఇల్లు దొరికినట్టే ఇక్కడ బిళ్ళల స్థానాలు దొరుకుతాయి. ఒక్క సందు పైకి అంటించినా కాగితం మీది గీతల ఆకారం మారిపోతుంది. ఛాతీలోనికి సూది గుచ్చవలసినప్పుడు పక్కటెముక పై అంచును ఆనుకొని గుచ్చుతారు. ప్రతి పక్కటెముక కింది అంచున ఉన్న గాడిలో సిర, ధమని, నాడి కలిసి పోతుండడమే దానికి కారణం.

పై ఏడు జతలు తమ సొంత మృదులాస్థితో రొమ్ము ఎముకను చేరతాయి. 8, 9, 10 జతలు తమ పైదాని మృదులాస్థిని పట్టుకొని వేలాడతాయి. 11, 12 జతల ముందు కొసలు దేనినీ అంటుకోవు. ఊపిరి పీల్చినప్పుడు పై పక్కటెముకలు బోరింగు పంపు చేతికర్రలాగా రొమ్ము ఎముకను ముందుకు, పైకి లేపుతాయి. కింది పక్కటెముకలు బకెట్ పిడిలాగా పక్కలకు లేస్తాయి. చనుమొనల మట్టంలో టేపు చుట్టి, గాలి పూర్తిగా వదిలి ఒకసారి, నిండుగా పీల్చి ఒకసారి కొలవండి. ఆరోగ్యంగా ఉన్న యువకులలో తేడా 5 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఛాతీ దగ్గర ఉన్నప్పుడే మరొక చోటు గుర్తుంచుకోండి. గుండె ఆగిన పెద్దవారికి సీపీఆర్ చేసేటప్పుడు రొమ్ము ఎముక కింది సగం మీద, చిట్టచివరి జిఫాయిడ్ కొసను తప్పించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి.

ఇప్పుడు స్నేహితుడిని కూర్చోబెట్టి తల వంచమనండి. మెడ అడుగున పొడుచుకువచ్చేది సాధారణంగా 7వ మెడపూస ముల్లు, అంటే పూస వెనుకకు సాగిన కొస. రెండు ముళ్ళు సమానంగా కనిపించి అనుమానం కలిగితే, రెండింటి మీదా వేళ్ళుంచి తలను వెనక్కి వాల్చమనండి. 6వ పూస ముల్లు వేలి కింద నుంచి లోపలికి జారిపోతుంది, 7వది నిలిచే ఉంటుంది. అక్కడి నుంచి కిందికి ఒక్కొక్క ముల్లుకూ చుక్క పెడుతూ ఛాతీపూసలు 12, నడుముపూసలు 5 లెక్కించండి. లెక్క తప్పలేదని తెలుసుకోవడానికి దారిలో రెండు గుర్తులున్నాయి. చేతులు కిందికి వదిలి కూర్చున్నప్పుడు రెక్కఎముకల కింది కొసలు 7వ ఛాతీపూస ముల్లు మట్టానికి వస్తాయి. నడుముకు ఇరువైపులా కటిఎముకల పైఅంచులను కలుపుతూ టేపు అడ్డంగా పట్టుకుంటే అది 4వ నడుముపూస మీదుగా పోతుంది. ఛాతీ మధ్యభాగంలో ముళ్ళు పెంకుల్లాగా కిందికి వాలి ఉంటాయి కాబట్టి, వేలికి తగిలే కొస ఆ పూసది కాక దాని కింది పూస మట్టంలో ఉంటుందని మరవకండి.

ఈ 4వ నడుముపూస గీతకు ఆసుపత్రిలో పెద్ద పని ఉంది. పెద్దవారిలో వెన్నుపాము 1వ, 2వ నడుముపూసల దగ్గరే ముగుస్తుంది. దాని కిందనున్న 3, 4 పూసల మధ్య సూది దించి వెన్ను నీరు తీస్తారు. నడుముపూసల కింద ఐదు పూసలు కలిసిపోయి త్రికంగా, సాధారణంగా నాలుగు కలిసి అనుత్రికంగా ఏర్పడడం వల్ల పుట్టినప్పుడు 33గా ఉన్న లెక్క పెద్దయ్యాక 26 అవుతుంది. విడి పూసలను గుర్తుపట్టడం బోన్ సెట్‌లోనే సాధ్యం. పక్క కొమ్ములో రంధ్రం ఉంటే మెడపూస. పక్కటెముక ఆనే నున్నటి చెక్కు ఉంటే ఛాతీపూస. రెండూ లేక మొద్దుగా, బరువుగా ఉంటే నడుముపూస. అవునని తల పైకీ కిందికీ ఊపడం ప్రధానంగా పుర్రెకూ మొదటి మెడపూసైన అట్లాస్‌కూ మధ్య జరుగుతుంది. కాదని అటూ ఇటూ తిప్పడం అట్లాస్‌కూ రెండవ పూసైన యాక్సిస్‌కూ మధ్య జరుగుతుంది. సరేననడానికి మనం తలను పక్కలకు వాల్చుతూ ఊపే ఊపు ఈ రెండింటిలో ఇమడదు, దానికి కింది మెడపూసలు కూడా కదలాలి.

పుర్రె దగ్గర తడమడానికి ఉన్నవి తక్కువ. కనుబొమ గట్టు, చెంప ఎముక, చెవి వెనుక బొడిపె, తల వెనుక మధ్యలో ఉబ్బు, వీటిని వేలితో చూసుకోండి. చెవి ముందు వేలుంచి నోరు తెరిస్తే కింది దవడ తల ముందుకు జారడం తెలుస్తుంది. పుర్రెలో తడిమి చూడగలిగే కీలు అదొక్కటే. చెంప ఎముక నుంచి చెవి వైపునకు సాగే సన్నటి కమానుకు నడుమ, రెండు వేళ్ళ వెడల్పు పైన, కణతలో ఉన్న చోటును టీరియన్ అంటారు. నుదుటి ఎముక, తల పైపక్కన ఉండే కుడ్యాస్థి, కణత ఎముక, కంటి గూడు వెనుక ఉండే స్ఫీనాయిడ్ నాలుగూ అక్కడ కలుస్తాయి. ఎముక పలుచగా ఉండే ఆ చోట లోపలివైపున మధ్య మెనింజియల్ ధమని పోతుంది. అక్కడ దెబ్బ తగిలి ధమని తెగితే రక్తం పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య చేరి మెదడును నొక్కుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకొని బండి నడిపేవారిని చూసినప్పుడల్లా నాకు మొదట గుర్తుకువచ్చేది ఈ రెండు వేళ్ళ చోటే.

ఇంట్లో పసిబిడ్డ ఉంటే, అమ్మమ్మ ఆముదం పెట్టే మాడును చూడండి. ఇంకా కలవని నుదుటి, కుడ్యాస్థుల మధ్య ఖాళీ అది. సాధారణంగా ఏడాదిన్నర నాటికి మూసుకుంటుంది. దానిని వేలితో నొక్కకండి, నాడితో పాటు అది అదరడం కంటికే కనిపిస్తుంది.

చివరగా, గుర్తులన్నీ తుడిచేసి, స్నేహితుడిని చిరునామాలు చెప్పమని అద్దం చూడకుండా వేలు పెట్టండి: ఎడమ 5వ సందు, కాలర్ బోన్ మధ్య గీత కలిసే చోటు, 7వ ఛాతీపూస, కుడి టీరియన్. తప్పు వచ్చిన ప్రతిసారీ ఆ ఎముక దగ్గర దిద్దుకోకుండా, మళ్ళీ లూయీ కోణం నుంచో 7వ మెడపూస నుంచో మొదలుపెట్టండి. స్కెచ్ పెన్ మరకలు సబ్బుకు వదలకపోతే కాస్త కొబ్బరినూనె రాసి తుడవండి.