పిల్లలతో వరంగల్ జూకు వెళ్లేటప్పుడు: ఐదు జంతువులు చాలు

హనుమకొండలో హంటర్ రోడ్డు మీద ఉన్న కాకతీయ జంతు ప్రదర్శనశాలను కొందరు ఇప్పటికీ వన విజ్ఞాన కేంద్రమనే పిలుస్తారు, ఎక్కువమంది జూ పార్కు అంటారు. అటవీశాఖ నడిపే ఈ జూ విస్తీర్ణం దాదాపు 50 ఎకరాలు. హైదరాబాదులోని నెహ్రూ జూ 380 ఎకరాలు కాబట్టి, ఇది అందులో ఏడో వంతుకు మించదు. పెద్ద జూ చూసి వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ ఒక్కో ఆవరణ ముందు నిమిషం నిలబడి, గంటలో చుట్టి వచ్చి, "ఇంతేనా?" అనుకుంటూ గేటు దాటడం నేను చాలాసార్లు చూశాను. చిన్న జూలో ఉన్న అసలు సౌకర్యమే అక్కడ చేజారుతుంది. పెద్ద జూలో నడకకే సగం రోజు, పిల్లల ఓపిక అంతా పోతుంది. ఇక్కడ ఆ సమయాన్నీ ఓపికనూ చూడడానికి ఖర్చు పెట్టవచ్చు. అందుకే ఇంట్లో ఉండగానే ఐదు జంతువులను పిల్లల చేతే ఎంపిక చేయించి, వాటి ముందు ఎంతసేపైనా నిలబడడానికి సిద్ధపడి బయలుదేరమని నా సలహా.

వెళ్లే రోజు, వేళ బాగుంటే సగం పని అయినట్టే. గుర్తింపు పొందిన ప్రతి జూ వారానికి కనీసం ఒక రోజు సందర్శకులకు మూసి ఉండాలన్నది కేంద్ర నిబంధన. ఆ రోజు ఊరికో రకంగా ఉంటుంది కనుక ముందే తెలుసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం కంటే పని దినాల్లో ఉదయం వెళ్లడం ఎంతో మేలు. ఎండాకాలంలో ఓరుగల్లు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పదకొండు దాటితే జంతువులన్నీ నీడ పట్టున పడుకుంటాయి, మనకు కనిపించేది ఖాళీ ఆవరణలే. చిరుత ఎలాగూ రాత్రి తిరిగే జంతువు, కాబట్టి గేటు తెరిచిన వెంటనే నేరుగా దాని దగ్గరికి వెళ్లి, ఆ తరువాతే మిగిలినవాటి వైపు మళ్లాలి. దసరా సెలవుల నుంచి శివరాత్రి వరకు ఉన్న కాలం అన్నిటికంటే అనువైనది.

సంచిలో ఏం పెట్టుకోవాలన్నదానికి పెద్ద జాబితా అక్కరలేదు. స్టీలు సీసాల్లో నీళ్లు, తలకు టోపీలు, ఒక తడి తువ్వాలు, చిన్నపిల్లలకు ఒక జత బట్టలు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చాలు. తినడానికి పులిహోర గానీ, పూరీలు గానీ మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టుకోండి. పెరుగన్నం ఎండకు పులుస్తుంది. చిప్స్ ప్యాకెట్లు మాత్రం వద్దు. మన ఊళ్లలో కోతులు ఎలా తిరుగుతున్నాయో అందరికీ తెలిసిందే. ప్యాకెట్ గలగల వినిపించగానే చెట్టు దిగి పిల్ల చేతిలోంచే లాక్కుపోతాయి, ఆ భయంతో తక్కిన రోజంతా పిల్ల చంక దిగదు. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి ఉంచి, తప్పిపోతే ఎక్కడికీ పరుగెత్తకుండా ఉన్నచోటే నిలబడమనీ, యూనిఫాం వేసుకున్న సిబ్బందికి చెప్పమనీ గేటు దగ్గరే ఒకసారి చెప్పాలి.

ఇక చూడడం. పిల్లలకు జంతువు పేరు, అది ఏం తింటుందన్న సంగతి చెప్పి ఊరుకుంటే నిమిషంలో "తరువాతది" అంటారు. వెతకడానికి ఏదైనా అప్పగిస్తే కదలరు. జింకల దగ్గర ఇది బాగా పని చేస్తుంది. చుక్కల దుప్పుల మందలో కొమ్ములున్నవన్నీ మగవే. వాటి కొమ్ములకు కొమ్మలుంటాయి, అవి ఏటా రాలి మళ్లీ కొత్తగా మొలుస్తాయి. కొత్తగా మొలిచే కొమ్ము మీద సన్నని నూగు చర్మం కప్పి ఉంటుంది. అలాంటి మగదుప్పి ఎక్కడుందో కనిపెట్టమని పిల్లలతో చెప్పండి. అక్కడి నుంచి కృష్ణజింక దగ్గరికి వెళ్తే, దాని కొమ్ములు మెలికలు తిరిగి ఉంటాయి, కొమ్మలుండవు, జీవితంలో రాలవు. ఈ తేడా ఒకసారి కళ్లతో చూసిన పిల్ల మరిచిపోదు. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువనీ, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువనీ చెప్పడానికి అదే సందర్భం.

ఎలుగుబంటి దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువసేపు ఉంటాను. మన పల్లెల్లో గుడ్డెలుగు అనే ఈ జంతువుకు పై దవడ ముందుభాగంలో నడిమి పళ్లు రెండూ ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను గాలితో సహా లోపలికి పీల్చుకుంటుంది. దుమ్ము పోకుండా ముక్కురంధ్రాలను మూసుకోగలదు. పోయినసారి వెళ్లినప్పుడు ఒక ఎలుగు ఎండిన మొద్దును ముందుకాలి గోళ్లతో పట్టుకుని, పెదవులను గరాటులా ముందుకు చాచి, ఊదుతూ పీలుస్తూ ఉంది. ఆ చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది. మా ఐదేళ్ల మేనకోడలు తానూ పెదవులు చాచి, దాదాపు పావుగంట కదలకుండా నిలబడింది.

మొసలి దగ్గర పెద్దవాళ్లకే ఓపిక తక్కువ. నోరు తెరుచుకుని కదలకుండా పడి ఉంటే "బొమ్మ" అని ముందుకు వెళ్లిపోతారు. ఒంట్లో వేడి ఎక్కువైనప్పుడు అది నోరు తెరిచి తలను చల్లబరుచుకుంటుందని చెప్పి, కంటినే చూస్తూ ఉండమనండి. పారదర్శకమైన మూడో రెప్ప ఒకటి కంటి మీద అడ్డంగా జారి వెనక్కి పోతుంది. దాన్ని ముందు ఎవరు చూస్తారో అన్న పోటీ పెడితే అల్లరి దానంతటదే ఆగిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం పెద్దలు రాజీపడకూడదు. జంతువులకు ఏమీ పెట్టకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) జూలో జంతువులను విసిగించడాన్నీ, వాటికి తిండి పెట్టడాన్నీ, కేకలతో కలవరపెట్టడాన్నీ, చెత్త వేయడాన్నీ నిషేధించింది. చట్టం కన్నా కారణం చెబితే పిల్లలు త్వరగా ఒప్పుకుంటారు. జింక నెమరువేసే జంతువు, దాని పొట్ట గడ్డికీ ఆకుకూ తగినట్టుగా ఉంటుంది; బిస్కెట్లూ చపాతీలూ అందులో పులిసి ఆమ్లంగా మారి ప్రాణం మీదికి తెస్తాయి. వాటితో పాటు లోపలికి పోయిన పాలిథిన్ కవరు అరగదు, బయటికీ రాదు, ఏళ్ల తరబడి పొట్టలోనే ఉండలా పేరుకుంటుంది. మన పిల్ల ముందే మరొకరు కంచెలోంచి కవరు చాపుతుంటే మర్యాదగా వద్దని చెప్పండి, వినకపోతే సిబ్బందిని పిలవండి. అలాగే బాగా కనిపిస్తుందని పసిపిల్లలను గోడ మీదా, రెయిలింగు మీదా కూర్చోబెట్టవద్దు; భుజాల మీద ఎక్కించుకుంటే రెండడుగులు వెనక నిలబడండి.

"దీన్ని ఎందుకు బంధించారు?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అది తప్పించుకోవలసిన ప్రశ్న కాదు. జూలో ఉన్నవాటిలో చాలావరకు జూలోనే పుట్టినవనీ, అడవిలో వేటాడడం నేర్చుకోనందువల్ల బయట బతకడం కష్టమనీ, గాయపడో తల్లి నుంచి విడిపోయో దొరికినవాటిని కూడా ఇలాంటిచోట్ల పెంచుతారనీ ఉన్నదున్నట్టు చెప్పండి. అయినా అడవిలో ఉంటేనే బాగుండేదని పిల్ల అంటే ఒప్పుకోండి, ఎందుకంటే అది నిజమే.

మూడేళ్లలోపు పిల్లలుంటే మధ్యాహ్నానికల్లా ముగించాలి. పెద్దపిల్లలైతే భోజనం చేసి కాసేపు చెట్టు నీడన కూర్చున్నాక, అదే హంటర్ రోడ్డులో ఉన్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకువెళ్లవచ్చు. ఎలాగూ వచ్చాం కదా అని వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, కోట అన్నీ అదే రోజులో కుక్కితే ఏదీ సరిగ్గా చూడలేరు. వాటికి ఇంకో రోజు పెట్టుకోండి.

రెండోసారి వెళ్లేటప్పుడు కాలం మార్చి వెళ్లండి. వానాకాలం ముగిసేసరికి మగనెమళ్లు పింఛం రాల్చేసుకుని ఉంటాయి, చలికాలం గడిచేకొద్దీ మళ్లీ పెంచుకుంటాయి. మొదటిసారి దసరాకు వెళ్లినవాళ్లు శివరాత్రి తరువాత ఒక ఉదయం అదే ఆవరణ ముందు నిలబడి, బోసితోకతో చూసిన ఆ నెమలి ఏదో పిల్లలనే అడగండి.