ట్రైలర్ ఫ్రిజ్ చల్లబడకపోతే ముందు లెవెల్ చూడండి

టెక్సస్‌లో టైలర్ స్టేట్ పార్క్ అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. పైన్ చెట్ల మధ్య 64 ఎకరాల చెరువు. ఈసారి మా ట్రైలర్ (ట్రక్కుకు తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటి బండి) నిలపడానికి దొరికిన సైట్ నీళ్లకు దగ్గరే కానీ, నేల బాగా వాలు.

తెల్లారేసరికి ఫ్రీజర్‌లో ఐస్ కరిగిపోయింది, పెరుగు పులిసిపోయింది. కరెంట్ వస్తోంది. గ్యాస్‌కు మార్చి చూశాను, మంట నీలంగా బాగానే ఉంది. ఫ్రిజ్ అడుగున లెవెల్ (వాలు చూపే బుడగ గొట్టం) పెడితే బుడగ పూర్తిగా ఒక పక్కకు పోయింది!

కరెంట్‌తోనూ గ్యాస్‌తోనూ నడిచే ఈ రకం (అబ్సార్ప్షన్) ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. వేడికి అమ్మోనియా ఆవిరై పైకెళ్లి, ద్రవంగా మారి, తన బరువుతోనే కిందికి జారాలి. బండి వాలితే ద్రవం గొట్టాల్లో నిలిచిపోతుంది. అలాగే నడిపితే యూనిట్టే పాడవుతుంది, మార్చాలంటే బోలెడు ఖర్చు.

వెంటనే ఆపేశాను. ట్రైలర్‌ను మళ్లీ ట్రక్కుకు తగిలించి, పల్లం వైపు చక్రాలను ప్లాస్టిక్ దిమ్మెల మీదికి మెల్లగా ఎక్కించాం. అడ్డంగా లెవెల్ కుదిరాక చక్రాలకు అడ్డు పెట్టి, ట్రక్కు విడదీసి, ముందువైపు జాక్‌తో పొడవునా లెవెల్ సరిచేశాం. మూలల జాక్‌లు ఆఖర్న. అవి ఊగకుండా ఆపడానికే. దయచేసి వాటితో ట్రైలర్‌ను ఎత్తకండి, ఫ్రేమ్ వంగిపోతుంది.

సాయంత్రానికి ఫ్రీజర్ గోడకు సన్నగా మంచు పట్టింది. ఇవి చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి, బయల్దేరే ముందు రోజే ఇంటి దగ్గర ఆన్ చేసుకోండి, అక్కడా లెవెల్ చూసుకునే. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఇంత టెన్షన్ లేదు.