రాష్ట్ర మహాసభకు ప్రతినిధిగా వెళ్లేవారికి

స్వచ్ఛంద సేవా సంస్థల రాష్ట్ర మహాసభ సాధారణంగా రెండు మూడేళ్లకొకసారి జరుగుతుంది. ప్రారంభ సభ, ముఖ్య అతిథి ఉపన్యాసం, ఫొటోలు మరునాడు పత్రికలో వస్తాయి గానీ, సంస్థ రాబోయే కాలంలో ఏం చేయాలో తేలేది ఆ తర్వాత జరిగే ప్రతినిధుల సభలో. ఆ సభలో నోరు విప్పగలిగినవారు ముందుగా కాగితాలు సిద్ధం చేసుకుని వచ్చినవారే అయి ఉంటారు. అనంతపురం, కడప ప్రాంతాల శాఖల నుంచి కర్నూలులో జరిగే మహాసభకు మొదటిసారి వెళ్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, మీరు ఏ హోదాలో వెళ్తున్నారో తేల్చుకోవాలి. ప్రతినిధికి మాట్లాడే హక్కు, ఓటు హక్కు ఉంటాయి. పరిశీలకుడికి సాధారణంగా ఓటు ఉండదు, కొన్ని సంస్థల్లో అధ్యక్షవర్గం అనుమతిస్తేనే మాట్లాడవచ్చు. శాఖకు ఎందరు ప్రతినిధులన్నది చాలా సంస్థల్లో సభ్యత్వాన్ని బట్టి ఉంటుంది కనుక, సభ్యత్వ రుసుములో రాష్ట్ర వాటా గడువులోగా చేరిందా, దానికి రసీదు ఉందా అని మీ కోశాధికారిని ముందే అడగండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాక ఇందులో ఇంకో చిక్కు వచ్చింది. ప్రభుత్వ లెక్కలో హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలోకి వెళ్లినా, కొన్ని సంస్థలు పాత జిల్లా కమిటీలనే కొనసాగిస్తున్నాయి. మీ పేరు ఏ జిల్లా జాబితాలో పంపారో తెలియకపోతే, నమోదు బల్ల దగ్గర రెండు వరుసల మధ్య తిరగడంతోనే ఉదయం గడిచిపోతుంది. జిల్లా కార్యదర్శి సంతకం, ముద్ర ఉన్న లేఖ అసలు ప్రతి చేతిలో ఉంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

మహాసభకు ముందు చదవవలసినవి రెండే: సంస్థ నియమావళి, కార్యదర్శి నివేదిక. సంఘాల నమోదు చట్టం కింద రిజిస్టరైన సంస్థకు రాతపూర్వకమైన నియమావళి తప్పకుండా ఉంటుంది. తీర్మానాలకు గడువు, కోరం (సభ జరగడానికి కావలసిన కనీస హాజరు), ఎన్నిక పద్ధతి అందులోనే దొరుకుతాయి. ఇక నివేదికకు జతచేసిన జమాఖర్చులను దాటవేసేవారే ఎక్కువ. లెక్కలు రానివారు కూడా మూడు విషయాలు చూడగలరు. గత నివేదికలోని ముగింపు నిల్వ, ఈ నివేదికలోని ప్రారంభ నిల్వ ఒకటేనా? అడ్వాన్సులుగా ఇచ్చిన సొమ్ములో ఇంకా వసూలు కానిది ఎంత? ‘ఇతర ఖర్చులు’ అనే పద్దు మిగతా పద్దులకన్నా పెద్దదిగా ఉందా? అనుమానం వస్తే పేజీ సంఖ్యతో సహా రాసుకుని, ఆరోపణగా కాక ప్రశ్నగా అడగండి. ప్రశ్నకు కోశాధికారి జవాబు చెప్పి తీరాలి. ఆరోపణ చేస్తే జవాబు రాదు సరికదా, సభలో సగం సమయం సర్దిచెప్పడానికే పోతుంది.

అసలు శ్రమ పెట్టవలసింది తీర్మానం మీద. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడే దత్తమండలాలను, అంటే నిజాం బ్రిటిషువారికి ఇచ్చేసిన ఈ ప్రాంతాన్ని, ఇకపై రాయలసీమ అని పిలవాలని తీర్మానించారు. ఆ సభలో ఎవరెవరు ఎంతసేపు ప్రసంగించారో ఇప్పుడు చెప్పగలిగినవారు తక్కువ, తీర్మానం మాత్రం నిలిచింది. మన తీర్మానాలకు అంత ఆయుష్షు ఉండకపోవచ్చు, కనీసం ఒక కార్యాలయంలో ఒక ఫైలును కదిలించేలా ఉంటే చాలు. అలా కదిలించాలంటే వాక్యం ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

‘గ్రామాల్లో గ్రంథాలయాల అభివృద్ధికి ప్రభుత్వం వెంటనే తగు చర్యలు తీసుకోవాలని ఈ మహాసభ డిమాండ్ చేస్తున్నది’ అని రాస్తే అందరూ చప్పట్లు కొడతారు, ఎవరూ ఏమీ చేయరు. ఎవరిని అడుగుతున్నామో, ఏది అడుగుతున్నామో అందులో లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద పంచాయతీలు, మునిసిపాలిటీలు ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైనదెంత, జమ చేసినదెంత అన్నది ఏ పంచాయతీకి ఆ పంచాయతీలో తేలే లెక్క. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. మహాసభకు రెండు మూడు నెలల ముందే మీ మండలంలో నాలుగైదు పంచాయతీలకు ఇలా దరఖాస్తులు పెట్టి, వచ్చిన జవాబులను జతచేసి, ‘ఈ పంచాయతీలు వసూలు చేసి జమ చేయని సెస్సును ఫలానా తేదీలోగా జమ చేయించాలని జిల్లా పంచాయతీ అధికారిని కోరుతూ, ఇదే లెక్కను ప్రతి జిల్లా శాఖా ఆరు నెలల్లో సేకరించాలని ఈ సభ నిర్ణయిస్తున్నది’ అని రాయండి. అడిగేది ఎవరిని, ఎప్పటిలోగా, మన వంతు పని ఏమిటి అన్న మూడూ ఇందులో ఉన్నాయి. నా దృష్టిలో ఆ మూడోది లేని తీర్మానం ఉత్త అర్జీ.

తీర్మానానికి ప్రతిపాదించేవారితో పాటు బలపరిచేవారూ కావాలి. బలపరిచేవారు మీ జిల్లావారే కాకుండా శ్రీకాకుళం నుంచో ప్రకాశం నుంచో అయితే అది సీమ సమస్య మాత్రమే కాదని సభకు అర్థమవుతుంది. ఇందుకోసం తొలిరోజు భోజనాల దగ్గర కొత్తవారి పక్కన కూర్చోవడం మంచిది. ఇతరుల తీర్మానానికి సవరణ చెప్పాలనుకుంటే ‘రెండో పేరాలో ఫలానా మాట తీసి ఫలానా మాట చేర్చాలి’ అని చీటీ మీద రాసి అధ్యక్షవర్గానికి పంపండి. మైకు ముందు ‘నాదొక చిన్న సవరణ’ అని మొదలైనవి మినిట్స్‌లోకి ఎక్కడం అరుదు. చర్చలో జిల్లాకు మూడు నుంచి ఐదు నిమిషాలు దొరికితే గొప్పే కనుక, ‘వేదికనలంకరించిన పెద్దలకు’ అంటూ పేర్లన్నీ చదవకుండా నేరుగా విషయంలోకి వెళ్లండి. పెద్దలు ఏమీ అనుకోరు.

ప్రయాణం సంగతి. అనంతపురం నుంచి 44వ జాతీయ రహదారి మీద గుత్తి, డోన్ మీదుగా కర్నూలు దాదాపు 150 కిలోమీటర్లు. రైలులో వచ్చేవారు కర్నూలు సిటీ స్టేషన్‌లో దిగాలి. కడపవారికి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సే సులువు. 2025 ఆగస్టు 15 నుంచి అమలవుతున్న స్త్రీశక్తి పథకం కింద మహిళా ప్రతినిధులు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి ఉచితంగా రావచ్చు. ముందురోజు రాత్రికే చేరుకోవడం మేలు, ఎందుకంటే తెల్లవారి బయలుదేరినవారికి నమోదు ఆలస్యమై, నివేదిక చదివే వేళకు కునుకు పడుతుంది.

బస సాధారణంగా కల్యాణ మండపంలోనో పాఠశాలలోనో ఉంటుంది. దుప్పటి, తాళం, నీళ్ల సీసా తెచ్చుకోండి. ప్లగ్గులు చాలవు కనుక ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా ఉండాలి. మహిళలకు వేరు గది, లోపల గడియ పడే మరుగుదొడ్లు ఉన్నాయా అని ఆహ్వాన సంఘాన్ని వారం ముందే ఫోన్ చేసి అడగాలి. అక్కడికి వెళ్లాక అడిగితే ‘సర్దుకోండమ్మా’ అనే మాటే వినిపిస్తుంది. ఉదయం ఉగ్గాని, బజ్జీ పెడితే మాత్రం ఆలస్యం చేయకండి, రెండో విడతకు బజ్జీ మిగలదు.

కొత్త కమిటీ ఎన్నిక చివరి పూట ఉంటుంది, అప్పటికే సగం మంది బస్సు టైము చూసుకుంటూ ఉంటారు. ప్యానెల్, అంటే ప్రతిపాదిత కమిటీ పేర్ల జాబితా, చదివి ‘ఏకగ్రీవమేనా’ అని అడిగినప్పుడు అభ్యంతరం ఉంటే అప్పుడే లేచి చెప్పాలి. నియమావళి ప్రకారం పోటీకి అవకాశం ఉంటే పేరు ప్రతిపాదించవచ్చు. కనుక తిరుగు టికెట్ రాత్రికే తీసుకోండి.

వచ్చిన వారంలోగా శాఖ సమావేశంలో రాతపూర్వకంగా నివేదించి, దాన్ని మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. సవరణల తర్వాత తీర్మానాలు మారి ఉంటాయి గనుక, ఫైలులో ఇచ్చిన ముసాయిదాను కాక, ఆమోదించిన తుది ప్రతిని రాష్ట్ర కార్యాలయం నుంచి అడిగి తెప్పించుకుని, దాన్నే మీ పంచాయతీ కార్యదర్శికీ జిల్లా అధికారికీ స్పీడ్ పోస్టులో పంపండి.