పల్లె నియోజకవర్గ ఎమ్మెల్యే రాజకీయ జీవితాన్ని ఆధారాలతో రాయడం ఎలా: భద్రాచలం ఉదాహరణగా

గ్రామీణ నియోజకవర్గాల నుంచి ఎన్నికైన శాసనసభ్యుల గురించి మనకు దొరికే రాతలు చాలావరకు రెండే రకాలు. ఒకటి వర్ధంతి నాటి వ్యాసం, రెండోది ఎన్నికల ముందు పంచిన కరపత్రం. మొదటిదానిలో ఆ మనిషి నిరాడంబరత ఉంటుంది, రెండోదానిలో వేసిన రోడ్ల పట్టిక ఉంటుంది. ఆయన సభలో ఏం అడిగారు, మంత్రి ఏం జవాబిచ్చారు, ఏ ఊళ్లు ఆయన వెంట నిలిచాయి, ఏ ఊళ్లు ఎప్పుడు దూరమయ్యాయి అన్న విషయాలు ఈ రెండింటిలోనూ కనిపించవు. వాటిని వెలికితీయగలిగిన వాళ్లు ఆ నియోజకవర్గంలోనే ఉన్న ఉపాధ్యాయులు, మండల విలేఖరులు, పరిశోధక విద్యార్థులు. వారికి పనికొచ్చే పద్ధతిని ఇక్కడ భద్రాచలం ఉదాహరణతో వివరిస్తున్నాను. అక్కడి నుంచి మార్క్సిస్టు పార్టీ తరఫున కుంజా బొజ్జి 1985, 1989, 1994 ఎన్నికల్లో, సున్నం రాజయ్య 1999, 2004, 2014 ఎన్నికల్లో గెలిచారు. ఇద్దరూ ఆదివాసులు, ఇద్దరూ మూడేసిసార్లు శాసనసభ్యులు, ఇద్దరూ ఇప్పుడు లేరు. రాజయ్య 2020 ఆగస్టులో, బొజ్జి 2021 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

పనిని మనిషి పుట్టుపూర్వోత్తరాలతో కాకుండా నియోజకవర్గ సరిహద్దులతో మొదలుపెట్టండి. ఇది చాలామందికి విసుగు పుట్టించే భాగమే అయినా, దీన్ని దాటవేసిన వాళ్లు తర్వాత తప్పు జిల్లా కార్యాలయంలో కాగితాల కోసం వెతుకుతూ కాలం పోగొట్టుకుంటారు. భద్రాచలం, నూగూరు వెంకటాపురం ప్రాంతాలు 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఖమ్మం జిల్లాలో కలిశాయి. కాబట్టి 1955 ఎన్నిక నాటి జిల్లా స్థాయి కాగితాల జాడ ఖమ్మంలో కాక తూర్పు గోదావరి వైపు వెతకాలి. 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నియోజకవర్గంలోని వాజేడు, వెంకటాపురం మండలాలు భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు వెళ్లగా, మిగిలిన భాగం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. మీ నియోజకవర్గానికి కూడా ఇలాంటి మార్పుల పట్టిక ఒకటి తయారుచేసి, 1976, 2008 నాటి పునర్విభజన ఉత్తర్వుల్లో ఏ మండలం, ఏ గ్రామం ఎటు పోయిందో అందులో రాసుకోండి. 1950లలో కొన్ని చోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారనీ, ఆ పద్ధతిని 1961లో చట్టం ద్వారా రద్దు చేశారనీ గుర్తుంచుకోకపోతే, పాత ఫలితాల్లో రెండు పేర్లు చూసి గందరగోళపడతారు.

సరిహద్దు ఒక మనిషి రాజకీయ జీవితాన్నే ఎలా చీల్చగలదో చూడాలంటే రాజయ్య మూడో పదవీకాలాన్ని చూడాలి. 2014 ఏప్రిల్ 30న భద్రాచలం నియోజకవర్గంలో పోలింగ్ జరిగింది. ఆ తర్వాత పోలవరం ప్రాజెక్టు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాజయ్య సొంత ఊరు సున్నంవారిగూడెం వరరామచంద్రాపురం మండలంలోనే ఉంది. ఆయన తెలంగాణ తొలి శాసనసభలో సభ్యుడిగా కొనసాగారు, ఆయన ఊరు మాత్రం పక్క రాష్ట్రానికి వెళ్లింది. 2019లో ఆయన ఆంధ్రప్రదేశ్‌లోని రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోవడం వెనుక కథ ఇదే. పట్టికలో ఊరికే ‘2019, రంపచోడవరం, ఓటమి’ అని రాస్తే ఆయన నియోజకవర్గం మార్చుకున్నారని చదివేవారు పొరబడతారు. మారినది నియోజకవర్గం కాళ్ల కింది నేల.

సరిహద్దుల తర్వాత ఎన్నికల ఫలితాలు చూడండి. భారత ఎన్నికల సంఘం 1951-52 నుంచి ప్రతి శాసనసభ ఎన్నికకూ గణాంక నివేదిక ప్రచురించింది. గెలిచినవారి పేరూ మెజారిటీతో తృప్తిపడకుండా, బరిలో ఉన్న అభ్యర్థులందరి ఓట్లూ పోలైన మొత్తం ఓట్లూ రాసుకోండి. గ్రామీణ నియోజకవర్గాల్లో మూడో స్థానంలో ఉన్న అభ్యర్థి ఓట్లే తరచు గెలుపోటములను నిర్ణయిస్తాయి. మధ్యలో వచ్చిన ఓటమిని దాచకండి. 2009లో భద్రాచలంలో కాంగ్రెస్ అభ్యర్థి కుంజా సత్యవతి గెలిచారు. ఆ ఎన్నికను పక్కనపెట్టి రాజయ్య జీవితం రాస్తే, 2014లో ఆయన ఎలా తిరిగి గెలవగలిగారన్న ప్రశ్నే పుట్టదు.

ఊళ్లవారీగా ఓట్లు తెలుసుకోవడానికి ఫారం 20 అనే తుది ఫలితాల పత్రం ఉంది. అందులో ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. అయితే 2004లో అన్ని నియోజకవర్గాల్లోనూ ఓటింగ్ యంత్రాలు వచ్చేంతవరకు, అనేక చోట్ల వేర్వేరు కేంద్రాల బ్యాలెట్ పత్రాలను కలిపి లెక్కించే పద్ధతి ఉండేది. కాబట్టి అంతకు ముందు కాలానికి ఊరి స్థాయి లెక్కలు దొరుకుతాయని ఆశపడకండి, ఎవరైనా చెప్పినా ఆధారం అడగండి. పోలింగ్ కేంద్రాల సంఖ్యలు ఎన్నిక ఎన్నికకూ మారతాయి గనుక ఆ ఏటి పోలింగ్ కేంద్రాల జాబితాను దగ్గర పెట్టుకుని మాత్రమే ఫారం 20 చదవాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు శాసనసభ చర్చల సంపుటాలు. సభ్యులు మాట్లాడిన మాటలు వాటిలో యథాతథంగా, తెలుగులో మాట్లాడితే తెలుగులోనే అచ్చయి ఉంటాయి. సంపుటాలు శాసనసభ గ్రంథాలయంలో ఉంటాయి, చాలావాటి స్కాన్ ప్రతులు ఆన్‌లైన్‌లో కూడా చూడవచ్చు. ముందుగా సభల వరుస సంఖ్య తెలుసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో ఏర్పడినది ఎనిమిదో శాసనసభ, 1994లో ఏర్పడినది పదో శాసనసభ, 2004లో ఏర్పడినది పన్నెండోది. 2014 తర్వాత తెలంగాణ సభకు లెక్క మళ్లీ ఒకటితో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్ సభకు పద్నాలుగుతో కొనసాగుతుంది. స్కాన్ ప్రతుల్లో తెలుగు అక్షరాలతో పేరు వెతికితే దొరకకపోవచ్చు గనుక, తేదీల వారీగా పుటలు తిప్పి చదవడానికి సిద్ధపడండి. పేరు ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట పొడి అక్షరంతో ఉండే అవకాశాన్ని కూడా దృష్టిలో పెట్టుకోండి.

తేదీలను ఎంచుకోవడానికి మంచి మార్గం నియోజకవర్గ చరిత్రలోని పెద్ద ఘటనలను పట్టుకోవడం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే జారీ అవుతుందని గుర్తుచేసుకుంటే ఆ వరద ఎంతటిదో అర్థమవుతుంది. అప్పుడు బొజ్జి తొలిసారి ఎమ్మెల్యేగా రెండో ఏడాదిలో ఉన్నారు. 2006 ఆగస్టులో నది మళ్లీ 66.9 అడుగులకు వచ్చింది, అప్పుడు సభ్యుడు రాజయ్య. ఆ రెండు వరదల తర్వాత జరిగిన తొలి సమావేశాల సంపుటాలు తీసి ఎవరు ఏం అడిగారో పక్కపక్కన పెట్టి చదవండి. అటవీ హక్కుల చట్టం వచ్చిన 2006 తర్వాతి రెండేళ్ల సంపుటాల్లో పోడు భూముల ప్రస్తావనలు, గిరిజన ప్రాంతాల్లో భూమి బదిలీని నియంత్రించే 1/70 చట్టం ప్రస్తావన వచ్చిన ప్రతి చర్చ కూడా ఇదే విధంగా చూడవలసినవి. మీది మెట్ట ప్రాంతమైతే కరవు సంవత్సరాలు, ఆయకట్టు అయితే నీటి విడుదల వివాదాలు మీకు తేదీలనిస్తాయి.

చదివేటప్పుడు ప్రశ్నల సంఖ్య లెక్కపెట్టి దానితోనే తీర్పు చెప్పే పని చేయవద్దని గట్టిగా చెబుతాను. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, ఆ గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వక జవాబు వస్తుంది. ఒక నక్షత్ర ప్రశ్న కింద అనేక మంది సభ్యుల పేర్లు అచ్చయి ఉండవచ్చు, వారిలో కొందరు ఆ రోజు నోరు విప్పకపోవచ్చు. సభ్యుడికి విషయం మీద ఉన్న పట్టు బయటపడేది అనుబంధ ప్రశ్నల్లో. ఏ గూడెంలో ఏ వంతెన ఎందుకు ఆగిందో మంత్రి చేతిలోని కాగితానికి మించి ఆయనకు తెలుసా లేదా అన్నది అక్కడ రెండు వాక్యాల్లో తేలిపోతుంది. ‘పరిశీలనలో ఉంది’, ‘నిధుల లభ్యతను బట్టి చేపడతాం’ అన్న జవాబులను విడిగా రాసుకుని, తర్వాతి సమావేశాల్లో ఆ సభ్యుడు మళ్లీ అదే అడిగారేమో చూడండి. ఒకే వంతెన గురించి వరుస సమావేశాల్లో పట్టు వదలకుండా అడిగిన సభ్యుడికీ, ఒక్కసారి అడిగి పత్రికలో పేరు చూసుకున్న సభ్యుడికీ మధ్య ఉన్న తేడా లెక్కల పట్టికలో కనబడదు.

మాట్లాడే సమయం పార్టీల బలాన్ని బట్టి దక్కుతుందన్న సంగతి కూడా తూకంలో వేయాలి. తెలంగాణ తొలి సభలో మార్క్సిస్టు పార్టీకి రాజయ్య ఒక్కరే సభ్యుడు. అలాంటి సభ్యుడి ప్రసంగాలు పొట్టిగా ఉండటం ఆయన బద్ధకానికి నిదర్శనం కాదు. సభాపతి గంట ఎప్పుడు మోగింది, ఎవరు అడ్డుపడ్డారు అన్నవి కూడా సంపుటాల్లో ఉంటాయి, వాటిని వదలకండి.

తర్వాత వేరు చేయవలసినది, ఎమ్మెల్యే అధికారంలో ఉన్నదీ లేనిదీ. రోడ్డు మంజూరు చేసేది ప్రభుత్వం, వేసేది శాఖ. సభ్యుడు అడగగలడు, ఒత్తిడి తేగలడు, నియోజకవర్గ అభివృద్ధి నిధి నుంచి పనులు ప్రతిపాదించగలడు, మండల, జిల్లా పరిషత్ సమావేశాల్లో కూర్చుని నిలదీయగలడు. గిరిజన నియోజకవర్గ సభ్యుడికి ఇంకొక వేదిక కూడా ఉంటుంది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం ఏర్పడే గిరిజన సలహా మండలిలో 20 మందికి మించకుండా సభ్యులు ఉంటారు, వారిలో నాలుగింట మూడు వంతుల మంది శాసనసభలోని గిరిజన సభ్యులై ఉండాలి. అందువల్ల శిలాఫలకం మీద పేరు చూసి పనిని ఆయన ఖాతాలో వేయకూడదు, పని జరగలేదని ఆయనను తప్పుపట్టనూ కూడదు. ఆ పని గురించి ఆయన రాసిన లేఖ, అడిగిన ప్రశ్న, మండల పరిషత్ సర్వసభ్య సమావేశం మినిట్స్‌లో ఆయన మాట్లాడినట్టు నమోదు, ఇవి మూడూ ఉన్నాయో లేదో చూడాలి.

ఈ కాగితాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ‘ఎమ్మెల్యే చేసిన పనులన్నీ ఇవ్వండి’ అని రాస్తే సమాచారం విస్తృతంగా ఉందన్న జవాబు వస్తుంది. ఫలానా ఆర్థిక సంవత్సరంలో, ఫలానా మండలంలో నియోజకవర్గ అభివృద్ధి నిధి కింద ప్రతిపాదించిన, మంజూరైన, పూర్తయిన పనుల జాబితా కావాలని రాయండి. ఆ మూడు మాటలూ విడివిడిగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే ప్రతిపాదనకూ పూర్తికీ మధ్యనే చాలా పనులు ఆగిపోతాయి.

ఆస్తుల వివరాలకు ఎన్నికల అఫిడవిట్ ఆధారం. సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత 2003 నుంచి అభ్యర్థులు ఆస్తులు, అప్పులు, చదువు, కేసుల వివరాలు ప్రమాణపూర్వకంగా ఇవ్వవలసి వస్తోంది, కాబట్టి 2004 ఎన్నిక నుంచి పోల్చి చూడవచ్చు. భూమి విలువ పెరగడం వేరు, కొత్తగా భూమి కొనడం వేరు గనుక రూపాయలను మాత్రమే కాక ఎకరాలను కూడా పోల్చండి. పెండింగ్ కేసు శిక్ష కాదన్నది ప్రతిసారీ స్పష్టంగా రాయాలి. ఉద్యమాల్లో పనిచేసిన సభ్యుల మీద ధర్నా కేసులు ఉండటం సహజం, సెక్షన్ చూడకుండా సంఖ్య మాత్రం రాయడం అన్యాయం.

కాగితాలు ముగిశాకనే మనుషుల దగ్గరికి వెళ్లండి. అప్పటికి మీ దగ్గర తేదీలు ఉంటాయి గనుక ‘ఆయన ఎలాంటివారు’ అని అడగనవసరం లేకుండా, ‘2006 వరదప్పుడు కూనవరానికి ఆయన ఎన్నో రోజున వచ్చారు, ఎవరితో వచ్చారు’ అని అడగగలుగుతారు. పాత పీఏ, పార్టీ మండల కార్యదర్శి, ఓడిపోయిన అభ్యర్థి, అప్పట్లో జిల్లా ఎడిషన్‌కు వార్తలు రాసిన విలేఖరి, సిఫారసు లేఖ కోసం వెళ్లి పని కాని మనిషి, వీరందరినీ కలవాలి. చివరి మనిషిని కలవని జీవితచరిత్ర సగమే. నిరాడంబరత కథలు ఈ దశలో విరివిగా దొరుకుతాయి. రాజయ్య సచివాలయానికి ఆటోలో వెళ్లడం గురించీ, పొరుగున ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య సైకిల్ గురించీ మనం విన్నవి అలాంటివే. అవి విలువైనవి, వాటిని రాయాలి కూడా. కానీ ఆటో దిగి లోపలికి వెళ్లి ఏ ఫైలు గురించి అడిగారో చెప్పలేకపోతే, ఆ మనిషి ఎంచుకున్న జీవితం మొత్తాన్ని ఒక ప్రయాణ సాధనానికి కుదించినవాళ్లమవుతాం.

రాసేటప్పుడు కాలక్రమాన్ని పదవీకాలాల వారీగా కాక, సమస్యల వారీగా పేర్చడం నాకు సరైనదిగా తోస్తుంది. భద్రాచలానికి వరద, పోడు, ముంపు, విలీనం అన్న నాలుగు దారాలు తీసుకుంటే, బొజ్జి కాలంలో మొదలైన ప్రశ్న రాజయ్య కాలంలో ఏ రూపం తీసుకుందో చదివేవారికి అందుతుంది. ప్రతి వాక్యానికీ ఆధారం మీ దగ్గర ఉండాలి. చర్చల సంపుటానికి తేదీ, అఫిడవిట్‌కు ఎన్నిక సంవత్సరం, మౌఖిక సాక్ష్యానికి ఆ మాట చెప్పిన మనిషి అనుమతి రాసిపెట్టుకోండి. కుటుంబసభ్యులకు రాతప్రతి చూపించి వాస్తవాల తప్పులను దిద్దించుకోండి, కానీ అంచనాలను మార్చే హక్కు వారికి ఇవ్వకండి. పూర్తయ్యాక ఒక ప్రతిని, సేకరించిన కాగితాల నకళ్లతో కలిపి, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి అప్పగించండి. నియోజకవర్గం రెండు జిల్లాల్లో ఉంటే రెండు చోట్లా ఇవ్వండి. భద్రాచలం విషయంలో అయితే గోదావరికి దిగువన ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల్లోని గ్రంథాలయానికి కూడా ఒక ప్రతి చేరాలి, ఎందుకంటే రాజయ్య చివరి గెలుపులో అక్కడి ఓట్లు కూడా ఉన్నాయి.