పదును వచ్చేదాకా పార పట్టకండి

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా అలాట్‌మెంట్‌కి ఇది తొమ్మిదో ఏడాది. పెరడు చాలనివాళ్లు కూరగాయలు పండించుకోవడానికి ఏటా అద్దె కట్టి తీసుకునే నేలచెక్కను ఇక్కడ అలాట్‌మెంట్ అంటారు. పాత కొలతలో పూర్తి చెక్క 10 రాడ్లు, అంటే దాదాపు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో 6 సెంట్ల పైచిలుకు. కొత్తగా చెక్క దొరికిన తెలుగువాళ్లు ఫిబ్రవరి రాగానే "అక్కా, ఏ విత్తనాలు తెప్పించుకోవాలి?" అని అడుగుతారు. విత్తనాల సంగతి తర్వాత. ముందు నేల.

మా నాన్నగారు తెనాలి దగ్గర వ్యవసాయం చేసేవారు. వాన వెలిశాక చేలోకి వెళ్లి, గుప్పెడు మట్టి తీసి పిసికి చూసి, "పదునైంది" అంటేనే నాగలి కదిలేది. పదును అంటే నేల దున్నడానికి సరిగ్గా సరిపడే తడి. అక్కడ పదును కోసం వాన రావాలి. ఇక్కడ పదును కోసం వాన ఆగాలి. పరీక్ష మాత్రం ఒక్కటే. జానెడు లోతు నుంచి మట్టి తీసి ముద్ద చేసి, బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విరిగితే పదునుకు వచ్చినట్టు. వేలిముద్ర పడి మైనంలా అంటుకుంటే పార షెడ్డులో పెట్టి ఇంటికి వెళ్లండి. మాది బంకమట్టి. మొదటి ఏడాది ఫిబ్రవరిలో ఒకరోజు ఎండ కాసిందని ఆశపడి తవ్వాను. తడిలో తొక్కిన చోటల్లా జూన్‌ నాటికి ఇటుకలా బిగుసుకుపోయింది, క్యారెట్ దుంప కిందికి దిగలేక చీలిపోయింది. తడి నేల మీదికి వెళ్లక తప్పకపోతే ఒక చెక్కపలక పరిచి దాని మీద నిలబడండి.

పదును వచ్చేలోగా చేయవలసిన పని చాలా ఉంది, అందులో పెద్దది కలుపు. ఇక్కడి కౌచ్ గడ్డికి మన గరిక బుద్ధే. తెల్లటి వేరుకాడలు నేలలో అల్లుకుపోతాయి, కణుపు ఉన్న ముక్క మిగిలితే చాలు, మళ్లీ మొలుస్తుంది. తీగలా చుట్టుకునే బైండ్‌వీడ్ ఇంకా మొండిది, దాని వేరు ముట్టుకుంటేనే విరుగుతుంది. అందుకే ఇవి ఉన్న చెక్కలో మోటారు గుద్దలి తిప్పవద్దని బతిమాలుకుంటున్నాను. ఒక వేరును వంద ముక్కలు చేసి, మన చేత్తో మనమే నాటినట్టవుతుంది. నాలుగు ముళ్ల పారతో నేలను వదులు చేసి, వేరును చేత్తో లాగండి. తీసిన వేళ్లను ఎరువు కుప్పలో వేయకుండా, మూత ఉన్న బకెట్లో నీళ్లు పోసి కొన్ని వారాలు నానబెట్టండి. పూర్తిగా కుళ్లాకే కుప్పలో కలపాలి. ఒకేసారి చెక్కంతా శుభ్రం చేయాలని పెట్టుకోవద్దు. సగం తీసుకుని, మిగతా సగం మీద అట్టపెట్టెలు విప్పి పరిచి, పైన నల్లటి కవరు కప్పి, ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టండి. వెలుతురు లేక కలుపు నీరసిస్తుంది. బైండ్‌వీడ్ మాత్రం ఒక్క ఏడాదితో చావదు.

ఎరువు విషయంలో నాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదు. ఇక్కడ గుర్రపుశాలల నుంచి పెంట సులభంగా దొరుకుతుంది. ఒక ఏడాది తెచ్చి వేసిన బండెడు ఎరువుకు టమాటా ఆకులన్నీ ఫెర్న్ ఆకుల్లా ముడుచుకుపోయాయి. పచ్చిక మైదానాల్లో కొట్టే అమినోపైరాలిడ్ అనే కలుపుమందు ఎండుగడ్డిలో నిలిచి, గుర్రం కడుపులోంచి కూడా చెడకుండా బయటికి వస్తుంది. కాబట్టి ముందు పరీక్షించండి. ఎరువును కుండీ మట్టిలో సగానికి సగం కలిపి నాలుగు చిక్కుడు గింజలు పెట్టండి. ఎరువు లేని కుండీలో మరో నాలుగు. మూడు నాలుగు వారాల్లో ఆకులు రెండింట్లోనూ ఒకేలా విప్పారితే మంచి ఎరువు. బాగా మాగి, నల్లగా, వాసన పోయినదే వాడండి, రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే చాలు. క్యాబేజీ జాతికి పుల్లటి నేల పడదు, ఆ మళ్లకు సున్నం వేస్తారు. సున్నం, పెంట ఒకేసారి కలపవద్దు. పెంటలోని నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

మళ్లు నాలుగు అడుగుల వెడల్పు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చేయి అందాలి, లోపల కాలు పెట్టే అవసరం రాకూడదు. మధ్య బాటలకు చెక్కపొట్టు పోయండి. షెడ్డు కప్పు నీళ్లు పట్టడానికి డ్రమ్ము ఇప్పుడే పెట్టుకోండి. గొట్టాలు గడ్డకట్టి పగలకుండా చాలాచోట్ల చలికాలమంతా కుళాయిలు కట్టేసి ఉంచుతారు.

బంగాళాదుంప విత్తనం ఫిబ్రవరిలోనే గుడ్ల అట్టల్లో, కళ్లు పైకి ఉండేలా, వెలుతురు ఉన్న చల్లటి గదిలో పేర్చండి. మార్చి చివరికి పొట్టి మొలకలు వస్తాయి, అప్పుడు నేలలో పెట్టవచ్చు. కొత్తిమీర, మెంతికూర, పాలకూర ఏప్రిల్ నుంచి ఆరుబయటే చక్కగా వస్తాయి. చుక్కకూరకు దగ్గరి చుట్టమైన సోరెల్ ఒక్కసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది, పప్పులోకి నాకు అదే ఆధారం.

ఆనప, గుమ్మడి పాదులు మాత్రం ఏప్రిల్‌లోనే తవ్వి, అడుగు లోతున ఎరువు నింపి వదిలేయండి. గింజ ఇంట్లో కిటికీ దగ్గర కుండీలో మొలవాలి. ఇక్కడ మే నెల మధ్య దాకా ఆకుల మీద మంచు గడ్డకట్టి మొక్కను మాడ్చే రాత్రులు ఉంటాయి. జూన్ మొదటి వారం దాకా ఆనప మొక్కను బయట నాటను. గోంగూరకు ఆ వేడి కూడా చాలదు. దానికి పాలిథిన్ గుడారంలో దక్షిణపు వైపు ఒక మూల, ఇప్పటి నుంచే ఖాళీగా ఉంచాను.